పేరు దాచుకోవచ్చు, కన్నీళ్లు దోచుకోకూడదు

2020లో అమెరికాలో ఒక ప్రేమనవలల రచయిత్రి చనిపోయారని ఆమె ఫేస్‌బుక్ ఖాతాలో ప్రకటన వెలువడింది. అలాంటి నవలలు చదివేవాళ్లు, రాసేవాళ్లు అక్కడ ఒక కుటుంబంలా మెలిగేవారు. ఒకరి ముఖం ఒకరు ఎరగకపోయినా వాళ్లంతా ఏడ్చారు. ఆత్మహత్య అని విని, ఆమెను ఆదుకోలేకపోయామే అని కుమిలిపోయినవాళ్లూ ఉన్నారు. తీరా 2023 జనవరిలో ఆమె తిరిగొచ్చి, తాను బతికే ఉన్నానని చెప్పారు! మానసిక వ్యాధితో బాధపడుతున్నానని ఆ తర్వాత వెల్లడించారు. ఆమె మీద రాయి వేయడం మన పని కాదు. కానీ ఆ కన్నీళ్ల మాటేమిటి?

పేరు దాచుకోవడమే పాపమా? కాదు. 1847లో 'జేన్ ఐర్' నవల కరర్ బెల్ పేరుతో వచ్చింది. రాసింది ఇంగ్లండులోని హావర్త్ చర్చి పాదిరిగారి కూతురు షార్లెట్ బ్రాంటీ. ఆడవాళ్ల రాతలంటే లోకానికి చిన్నచూపని ఆమె, చెల్లెళ్లు ఎమిలీ, ఆన్ మారుపేర్లు పెట్టుకున్నారు. అయితే ఆ ముగ్గురు 'బెల్'లూ ఒక్కరేనన్న మాట పుట్టి, షార్లెట్ తన ప్రచురణకర్తను మోసగించినట్టు కనిపించే పరిస్థితి 1848లో వచ్చింది. వెంటనే షార్లెట్, ఆన్ రాత్రి రైలెక్కి లండన్ వెళ్లారు. ఆయన ఎదుట నిలబడి తామెవరో చెప్పారు. లోకానికి పేరు దాచారు గానీ, తమను నమ్మినవాడికి అబద్ధం మిగల్చలేదు. గీత అక్కడుంది.

యాకోబు కుమారులు ఆ గీత దాటారు. రక్తంలో ముంచిన అంగీని చూసి ఆ తండ్రి, బతికున్న యోసేపు కోసం గోనెపట్ట కట్టుకుని ఏడ్చాడు (ఆది. 37). అంగీ నిజం, కన్నీళ్లు నిజం, మరణమే అబద్ధం. ఓదార్చడానికి కొడుకులంతా వచ్చారు, నిజం మాత్రం ఒక్కరూ చెప్పలేదు. యోసేపు కూడా ఐగుప్తులో కొంతకాలం తానెవరో అన్నలకు చెప్పలేదు. చివరకు వాళ్ల ముందు బిగ్గరగా ఏడ్చి తన పేరు చెప్పాడు (ఆది. 45). ఆ ఇంటి గాయం మానడం ఆ రోజే మొదలైంది.

మన చర్చిల్లోనూ ప్రేమనవలలు చాటుగా చదువుకునే అమ్మాయిలున్నారు. వాళ్లలో ఎవరైనా తన దిగులును మారుపేరుతో, ముక్కూమొహం తెలియనివాళ్లకు ఫోనులో చెప్పుకుంటుంటే, తప్పుపట్టే ముందు మనల్ని మనమే ప్రశ్నించుకోవాలి. ఆ మాట మనతో ఎందుకు చెప్పలేకపోయింది? ఉదయం ఆరాధనలో కోరిన ప్రార్థన సాయంత్రానికి ఊళ్లో కబురైతే, ఇంకెవరు నోరు విప్పుతారు?

దేవుని ఎదుట ఎవరికీ మారుపేరు లేదు. మనమెవరమో పూర్తిగా ఎరిగి కూడా ఆయన మనల్ని తోసివేయలేదు. అలాంటి దేవుణ్ణి ఆరాధించే సంఘం, మనిషి తన అసలు పేరుతో ఏడవగలిగే చోటు కావాలి.