ప్రొపెల్లరు బేరము

చిన్న విమానమునకు ప్రొపెల్లరు పాడైనప్పుడు క్రొత్తదానిని తెచ్చుట అంగడిలో పంకా కొనుటవంటిదని తలచు పెద్దలు మన ఫ్లయింగు క్లబ్బులలో నేటికిని లేకపోలేదు. చవుకైనదేది, చూపునకు సొంపైనదేది, త్వరగా దొరకునదేది యని వారు విచారింతురు. ఇంజను దేనిని త్రిప్పగలదో విచారింపరు. ఈ తలంపు తప్పనియు, దాని మూల్యమును చెల్లించువారు కొన్నవారు గాక విమానమెక్కు విద్యార్థులనియు మేము స్పష్టముగ చెప్పదలచినాము.

ప్రొపెల్లరు పంకా కాదు. తిరుగుచున్న విమానపు రెక్క. 1903లో ఎగిరిన తమ విమానమునకు రైటు సోదరులు దానిని చెక్కబూనినపుడు ఓడల ప్రొపెల్లరుల పరిజ్ఞానము వారికి అక్కఱకు రాలేదు. ఈ సత్యమును గ్రహించి లెక్కలు వేసిన పిమ్మటనే వారు కొయ్యను చేపట్టిరి. నూఱేండ్లు దాటిన పిదప మనము లెక్కను విడిచి బేరమును పట్టుకొనుట యేమి ప్రగతి?

సెస్నా 172 విమానములలో ఎన్ అను రకమును చూడుడు. దాని లైకమింగు ఇంజను నిమిషమునకు 2,700 చుట్లయొద్ద 160 అశ్వశక్తి నిచ్చును. ప్రొపెల్లరు వ్యాసము 75 అంగుళములు, పిచ్ 57 అంగుళములు. పిచ్ అనగా జాఱుబాటు లేనియెడల ఒక్క చుట్టులో ముందునకు సాగవలసిన దూరము. ఆ లెక్కను గంటకు సుమారు 127 నాటికల్ మైళ్లు. పిచ్ తగ్గించిన విమానము చుఱుకుగ పైకెగయును; కాని ప్రయాణవేగము తగ్గును, ఇంజను హద్దుమీఱి తిరుగు భయము కలుగును. పెంచిన దూరప్రయాణమునకు మేలే. కాని వేసవి మధ్యాహ్నమున పొట్టి రన్‌వేపై నిండు బరువుతో లేవవలసినపుడు ఇంజను తన శక్తినంతయు చూపజాలదు. కావున మొదటి ప్రశ్న “వెల యెంత?” అనునది కాదు, “ఈ విమానము చేయు పని యేమి?” అనునది.

మూడు రెక్కలది గొప్పదను మోజు మఱియొకటి. వ్యాసము తగ్గి నేలకు ఎడము పెరుగుట, సద్దు తగ్గుట నిజమే. కాని లోహపుదైనచో విమానపు ముక్కు బరువెక్కును. వేగము పెరుగునన్న హామీ లేదు.

అన్నిటికన్న ఘోరమైనది కంటికి కనబడని కంపనము. నాలుగు సిలిండర్ల ఇంజను చుట్టునకు రెండు దెబ్బలు కొట్టును. 2,700 చుట్లయొద్ద సెకనునకు 90 దెబ్బలు. అవి రెక్క సహజకంపనముతో ఏకమైనచో లోహము అలసి చీలును. రెక్క కొన ఊడినచో ఆ తూకము తప్పిన లాగుడునకు ఇంజనే బిగింపులనుండి పెఱికివేయబడవచ్చును. అందువలననే పరీక్షించి అంగీకరించిన ప్రొపెల్లరుల పట్టిక విమానపు టైపు సర్టిఫికేటు పత్రములో నుండును. అందులో లేనిదానికి అనుబంధ సర్టిఫికేటును, మన దేశమున డి.జి.సి.ఎ. అంగీకారమును కావలెను. “బోల్టు రంధ్రములు సరిపోయినవి” అనుమాట సర్టిఫికేటు కాదు!

“క్లబ్బు పేదది, డబ్బేది?” అందురు. పేదఱికము మాకును తెలియును. అట్లయిన ఱాయి తగిలి రెక్క అంచున గాటు పడిన దినముననే అర్హుడైన ఇంజనీరుచేత హద్దులలో సాపు చేయింపరేల? గోటితో పోవుదానిని గొడ్డలిదాక తెచ్చుకొని, పిమ్మట పేదఱికమును సాకు చెప్పుట న్యాయమా? అంగీకృతమైన కొయ్య ప్రొపెల్లరు దొరకినచో దానిని కొనుడు. అది తేలిక, కంపనమును మ్రింగును. కాని వానకు, ఎండకు కొయ్య ఉబ్బి కుంచించుకొనును గనుక బోల్టుల బిగువును మఱిమఱి చూడవలెను. ఇక రెక్క నేలకు కొట్టుకొన్నపుడు ఇంజనును విప్పి పరీక్షింపక ప్రొపెల్లరును మాత్రము మార్చుట పొదుపు గాదు, మోసము.

2021లో బెంగుళూరున ఎగిరిన మన హంసా-ఎన్.జి. విమానమునకును ఇంజను ఆస్ట్రియాదే. ఇంజనులను పరదేశములనుండి తెచ్చుకొను మనము వివేకమును గూడ దిగుమతి చేసికొనవలయునా? క్లబ్బు సభ్యులారా, రాబోవు సమావేశమున ధరల పట్టికకు ముందు సర్టిఫికేటు పత్రమును బల్లపై పెట్టుమని అడుగుడు. క్రొత్త ప్రొపెల్లరు బిగించినపుడు, నిలిచిన విమానమున నిండు త్రాటిలుయొద్ద చుట్లు హద్దులలో నున్నవో లేవో వ్రాసి చూపుమని అడుగుడు. అడుగువాడు లేనిచోట అజాగ్రత్తయే అధ్యక్షత వహించును.