సదస్సు పెట్టాల్సింది మన లా విద్యార్థులే

మన మీద సదస్సులకు కొదవలేదు. ఏసీ హాలు, పెద్ద ఫ్లెక్సీ. చర్చ కోయగూడెం గురించైనా, లంబాడా తండా గురించైనా ఫ్లెక్సీ మీద మాత్రం ఆదిలాబాద్ గుస్సాడీ టోపీయే! మనవాళ్లతో భోజనాలకు ముందు ఓ డాన్సు చేయిస్తారు, చివర్లో అయిదు నిమిషాలు మాట్లాడనిస్తారు. ఈ తంతు చూసీ చూసీ విసిగిపోయాం.

అమెరికాలో నల్లజాతి లా విద్యార్థులు ఎవరో పిలుస్తారని కూర్చోలేదు. 1968లో న్యూయార్క్‌లో సొంత సంఘం పెట్టుకున్నారు. ఏటా వాళ్ల సదస్సు వాళ్లే జరుపుకుంటున్నారు. అంతకు ముప్పై ఏళ్ల ముందే హోవర్డ్ లా కాలేజీలో చార్లెస్ హామిల్టన్ హ్యూస్టన్ అనే పంతులు తన విద్యార్థులను కోర్టు యుద్ధానికి తయారుచేశాడు. మేరీలాండ్ విశ్వవిద్యాలయం నల్లవాడివని డోనాల్డ్ మర్రేకు లా సీటు ఇవ్వకపోతే, హ్యూస్టన్, ఆయన శిష్యుడు థర్‌గుడ్ మార్షల్ కలిసి కొట్లాడి ఇప్పించారు. 1954లో బడుల్లో వర్ణవివక్ష చెల్లదన్న బ్రౌన్ తీర్పు ఆ దారిలో వచ్చిందే.

మరి మన సంగతి? షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న జీవో 3 వచ్చింది 2000 జనవరి 10న. బడికి రాని పంతుళ్లను, కోయ తప్ప మరో మాట తెలియని ఒకటో తరగతి పిల్లలను చూసినవాళ్లకు ఆ జీవో ఎందుకొచ్చిందో చెప్పనక్కర్లేదు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదంది. మన బతుకు తీరును 'ఆదిమ' అని కూడా రాసింది. అప్పుడు లాక్‌డౌన్. వాట్సాప్‌లో ఏడ్చుకున్నాం, స్టేటస్‌లు పెట్టుకున్నాం. ఆ తీర్పును మనలో ఎంతమంది చివరిదాకా చదివారు? పంతుళ్లారా, అందులో తేలింది మీ ఉద్యోగాల సంగతే కదా, మీరైనా చదివారా? మేమూ ఆలస్యంగానే చదివాం. సిగ్గుపడుతూనే చెబుతున్నాం.

సుబేదారి లా కాలేజీలో, హైదరాబాద్‌లో నల్లకోటు చదువు చదువుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆ తీర్పును ముందు పెట్టుకుని పేరా పేరా విప్పి చెప్పాల్సింది మీరే. తెలుగులో చెప్పండి, కోయలో చెప్పండి, గోర్ బోలిలో చెప్పండి.

ధర్మాపురం తండావాళ్లు విసునూరు దేశ్‌ముఖ్‌తో భూమి కోసం తలపడ్డ జిల్లా జనగామ. అక్కడి తండాలు షెడ్యూల్డ్ ప్రాంతంలో లేవు. కాబట్టి 1/70 చట్టం వాళ్ల భూమికి కాపలా కాయదు. ఇటు మహబూబాబాద్‌లో గంగారం, కొత్తగూడ వైపు అదే చట్టం ఉంది. ఉన్నా బినామీ పేర్లు ఆగాయా? భూపాలపల్లిలో సింగరేణి ఓపెన్‌కాస్టు కింద ఊళ్లు కదులుతుంటే పరిహారం లెక్క కాగితం మీద ఒకటి, చేతికొచ్చేది ఒకటి. ఈ మూడు జిల్లాల వాళ్లు ఒక్క చోట కూర్చుని ఎవరికి ఏ చట్టం ఉందో, ఎవరికి లేదో చూసుకున్న రోజు మాకైతే గుర్తులేదు.

ఇంకో మాట. కోయ, లంబాడా పంచాయితీని సదస్సులో ఎత్తొద్దని పెద్దమనుషులు అంటారు. మొదటి పూట అదే పెట్టండంటాం మేం. 1976 చట్టం ఏం చేసింది, ఎవరి వాటా ఎక్కడ తగ్గింది, ఎవరి భయం ఏమిటి, అన్నీ కాగితాలతో మాట్లాడుకోవాలి. ఒకరి మొహం ఒకరు చూస్తూ మాట్లాడుకోనంతకాలం మూడోవాడు ఇద్దరి భూమీ కొలుచుకుపోతూనే ఉంటాడు. కోపాలొస్తాయి, రానివ్వండి.

వేసవి సెలవుల్లో ఆశ్రమ పాఠశాల గదులు ఖాళీగానే ఉంటాయి. అనుమతి అడిగి, హాలు అద్దె లేకుండా అక్కడే పెట్టండి. శాలువాలు వద్దు. వచ్చేవాళ్లను పహాణీ నకళ్లు, పోడు దరఖాస్తు రసీదులు, కోర్టు నోటీసులు తెమ్మనండి. ఒక్కో కాగితం దగ్గర ఒక్కో లా విద్యార్థి కూర్చోవాలి. వంట సంగతి మేం చూసుకుంటాం.