బియ్యం దాటిన సరిహద్దును వైద్యం దాటదా?

ఈ సోమవారం శ్రీకాకుళం జిల్లా మందస వైపు పల్లె నుంచి ఓ పెద్దాయన నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. కొడుకు హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని చేస్తాడు. పరంజా మీంచి పడి తొడ ఎముక విరిగింది. మేస్త్రీ మొదటి రోజు కొంత డబ్బు కట్టి ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు. ఆసుపత్రిలో కార్డు అడిగారు. ఇతనిది ఆంధ్ర కార్డు. చెల్లదు, ఊరికి తీసుకుపొమ్మన్నారు. "కోటా బియ్యం అక్కడే ఇత్తన్నారు బాబూ, వైద్యం మాత్రం అవ్వదంట. ఏటిది?" అన్నాడాయన. ఆ మాట వారమంతా నన్ను వదల్లేదు.

ఆయన అడిగినదాంట్లో తప్పేముంది? 2019 ఆగస్టులో రెండు తెలుగు రాష్ట్రాల మధ్య రేషన్ పోర్టబిలిటీ మొదలైంది. ఇచ్ఛాపురం కార్డుతో కూకట్‌పల్లి డీలర్ దగ్గర వేలిముద్ర వేసి బియ్యం తెచ్చుకోవచ్చు. ఆ వేలే మిక్సర్‌లో పడి నలిగితే మాత్రం అక్కడి ఉచిత వైద్య పథకం ఆరోగ్యశ్రీకి అతను పరాయివాడు.

అసలు ఆరోగ్యశ్రీ పుట్టిందెక్కడ? 2007 ఏప్రిల్ 1న శ్రీకాకుళం, మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాల్లో. మూడూ వలస జిల్లాలే. 2014లో రాష్ట్రంతోపాటు పథకమూ చీలింది. ఎవరి మీద మొదట ప్రయోగించారో వాళ్లలో శ్రీకాకుళం, అనంతపురం వాళ్లు ఇప్పుడు గీతకు అవతల పడ్డారు.

అక్కడే ఉంటున్నారు కదా, అక్కడి కార్డు తీసుకోవచ్చు కదా అంటారు కొందరు. ముందు ఇక్కడి కార్డులో పేరు తీయించుకోవాలి, తర్వాత అక్కడ దరఖాస్తు పెట్టాలి. తెలంగాణలో కొత్త కార్డులు ఏళ్ల తరబడి ఆగిపోయి 2025లో గానీ ఊపందుకోలేదు. ఈలోగా జబ్బు చేస్తే ఆ కుటుంబం ఎవరిది? అమెరికాలో గ్రీన్‌కార్డు వచ్చినా చాలామందికి ఐదేళ్లు ఆగితే గానీ పేదల వైద్య పథకం మెడికెయిడ్ అందదు. 1996లో అక్కడ చేసిన చట్టమది. మనవాడు దేశం దాటలేదు, భాష కూడా దాటలేదు.

2019 నవంబరు నుంచి ఆంధ్ర ప్రభుత్వం హైదరాబాద్, చెన్నై, బెంగళూరుల్లో కొన్ని ఆసుపత్రులను చేర్చిన మాట నిజమే. ఎంపిక చేసిన ఆసుపత్రుల్లో సూపర్ స్పెషాలిటీ చికిత్సలకే అది. కేంద్రం పెట్టిన ఆయుష్మాన్ భారత్ రాష్ట్రం దాటినా చెల్లుతుంది గానీ దానికి ప్రధాన ఆధారం 2011 నాటి సర్వే. కేరళ మాత్రం 2017లోనే పొరుగు రాష్ట్రాల కూలీల కోసం 'ఆవాజ్' అనే బీమా పెట్టింది. మన రెండు ప్రభుత్వాలకు ఆ మాత్రం మనసు రాలేదు.

నేను ఎప్పుడూ రాసేదే మళ్లీ రాస్తాను. 1996 చట్టంతో వచ్చిన నిబంధన ప్రకారం పెద్ద భవనం కట్టే ప్రతివాళ్లూ ఖర్చులో ఒక శాతం కార్మికుల సంక్షేమానికి సెస్సు కట్టాలి. హైదరాబాద్ టవర్ల మీద వచ్చే ఆ ఒక శాతంలో మన పాలకొండ, పార్వతీపురం, టెక్కలి కూలీల చెమట ఉంది. అందులోంచి సాయం అందాలంటే పేరు నమోదు కావాలి. నమోదుకు, గడిచిన ఏడాదిలో 90 రోజులు పని చేసినట్టు రుజువు కావాలి. ఆ కాగితం ఇచ్చే మేస్త్రీని నేనింతవరకు చూడలేదు. 2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో పదకొండంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయినప్పుడు, చాలా శవాలు మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెలకు చేరాయి. అప్పుడు అందరూ వచ్చారు, లెక్కలు తీస్తామన్నారు. ఏ ఊరి నుంచి ఎవరు ఎక్కడికి పోయారో చెప్పే పుస్తకం ఈ రోజుకీ ఏ పంచాయతీలోనూ నాకు కనపడలేదు.

ఉద్దానం వాళ్ల కష్టం ఇంకా వేరు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరుల నుంచి పనికి పోయినవాడికి కిడ్నీలు పాడయ్యాయని తెలిసేది చాలాసార్లు ఆ ఊరుగాని ఊళ్లోనే. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్. పని ఉన్నచోట కార్డు చెల్లదు, కార్డు చెల్లే చోట పని లేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, మంచిదే. దాన్ని నమ్ముకుని ఇంటికొచ్చిన మనిషి పిల్లలు ఏం తినాలి?

రెండు రాష్ట్రాల ఆరోగ్య ట్రస్టులూ కూర్చుని ఒక ఒప్పందం చేసుకోవాలి. చికిత్స ఉన్నచోట జరగాలి, బిల్లు కార్డు ఇచ్చిన రాష్ట్రానికి వెళ్లాలి. బియ్యానికి కుదిరిన లెక్క దీనికెందుకు కుదరదు?

అది జరిగేదాకా ఇంటికి రావాల్సిందే. ఆ పెద్దాయన కొడుకును విశాఖ ఎక్స్‌ప్రెస్ జనరల్ బోగీలో తెచ్చారు. విరిగిన కాలుతో రాత్రంతా మరుగుదొడ్డి పక్కన. 2023 సంక్రాంతికి విశాఖ, సికింద్రాబాద్‌ల మధ్య వందేభారత్ వేశారు. అందులో జనరల్ బోగీ ఒక్కటీ లేదు. పలాస నుంచి సికింద్రాబాద్‌కు మొత్తం జనరల్ బోగీలతో రోజూ ఒక రైలు నడపమని మన ఇద్దరు ఎంపీలూ అడగాలి. శ్రీకాకుళం ఎంపీ కేంద్ర మంత్రివర్గంలోనే ఉన్నారు.