కనబడని బోల్టుకే కొలత కావాలి

సౌదీలోని హఫర్ అల్ బాతిన్‌లో, సనాయా అనే షెడ్ల పేటలో పానా పట్టి నాకు పందొమ్మిదేళ్లు. మాది జగిత్యాల దగ్గర పల్లె. ఇక్కడ మా షెడ్డుకు వచ్చే బండ్లు ఎక్కువగా ఎడారి బండ్లే. ఒంటెలకు నీళ్లు మోసే ట్యాంకర్లు, గడ్డి మోపులేసుకొచ్చే పికప్‌లు, కువైట్ సరిహద్దు దాకా పోయొచ్చే ట్రక్కులు. వీటిలో ఏది ఆగినా రోడ్డు పక్క చెట్టు నీడ దొరకదు.

వచ్చిన రెండో ఏడు, జూలైలో నా చేతుల మీద ఒక తప్పు జరిగింది. ఒక డీజిల్ పికప్‌కు ఇంజెక్టర్లు మార్చాను. నాలుగో సిలిండర్‌కు పోయే పైపు నట్టు ఇంజిన్ వెనకాల, క్యాబిన్ రేకుకు ఆనుకుని ఉంది. నట్టు మధ్యలోంచి పైపు పోతుంది కాబట్టి దానికి సాకెట్ ఎక్కదు. చిన్న అద్దంలో చూసుకుంటూ, ఓపెన్ స్పానర్‌తో, మణికట్టు ఒక్కటే ఆడిస్తూ బిగించాను. లీకవుతుందేమోనన్న భయంతో ఇంకో గుంజు గుంజాను. మూడో రోజున ఆ బండి రఫ్హా వైపు రోడ్డు మీద డీజిల్ చిమ్ముతూ ఆగిపోయింది. బండి నడిపే సూడాన్ కాపరి నాలుగు గంటలు ఎండలో కూర్చున్నాడు. ఆ డీజిల్ తుంపర వేడి ఎగ్జాస్ట్ మీద పడి అంటుకోలేదు. అది నా పనితనం కాదు, దేవుడి దయ.

పైపు విప్పి చూస్తే తెలిసింది. దాని మొన ఇంజెక్టర్ గుంటలో ఇనుము మీద ఇనుముగా కూర్చుంటుంది. మధ్యన వాషర్ లేదు, రబ్బరు లేదు. లోపల వెయ్యి బార్లకు మించిన ఒత్తిడి. తక్కువ బిగిస్తే కారుతుంది. ఎక్కువ బిగిస్తే మొన నలిగి, అప్పుడూ కారుతుంది. కంపెనీ పుస్తకంలో రాసిన అంకె ఆ రెంటికీ మధ్యనున్న సన్నటి దారి.

‘మన చేతికి అందాజ తెలుసు’ అనే ఉస్తాద్‌లను నేను తక్కువ చేయను. వాళ్ల దగ్గరే పని నేర్చుకున్నాను. ఎదురుగా ఉన్న బోల్టు మీద వాళ్ల చెయ్యి తప్పదు. కానీ చేతికి లెక్క తెలిసేది మోచెయ్యి, భుజం ఆడినప్పుడే. ఇంజిన్ వెనక సందులో వేళ్ల కొసలతో పొట్టి స్పానర్ తిప్పుతుంటే ఆ చెయ్యి గుడ్డిదే. పైగా బయట 46 డిగ్రీలు, చెమటకు పట్టు జారుతుంటుంది. ఎక్కడ అందాజ పనికిరాదో అక్కడే మనం అందాజ మీద ఆధారపడుతున్నాం. అందే బోల్టుకు టార్క్ రెంచ్ పెడతాం, అందనిదాన్ని చేతికి వదిలేస్తాం. నా గొడవంతా దీని మీదే.

అందని నట్టు కోసమే క్రోఫుట్ అని ఒక పనిముట్టు ఉంది. స్పానర్ తల ఒక్కటే కోసి, వెనకవైపు చదరపు రంధ్రం పెట్టినట్టుంటుంది. టార్క్ రెంచ్‌కు తగిలించి పక్కనుంచి నట్టుకు పెట్టొచ్చు. పైపు నట్లకైతే ఇంకో రకం. రింగు స్పానర్‌లా నట్టు చుట్టూ పట్టుకుంటుంది, పైపు దూరేంత సందు మాత్రం వదులుతుంది. దీంతో నట్టు మూలలు అరగవు.

కొని తగిలిస్తే సరిపోదు, లెక్క కావాలి. గునపం ఎంత పొడుగైతే బండ అంత తేలిగ్గా లేస్తుంది కదా, ఇదీ అంతే. నా రెంచ్ తల నుంచి పిడి నడిమి దాకా 300 మిల్లీమీటర్లు. క్రోఫుట్ ముందుకు 30 కలుపుతుంది. నట్టుకు 35 న్యూటన్ మీటర్లు కావాలనుకోండి. 35ను 300తో గుణించి 330తో భాగిస్తే 31.8. రెంచ్ మీద పెట్టాల్సింది అది. మర్చిపోయి 35 పెడితే నట్టు మీద 38.5 పడుతుంది. క్రోఫుట్‌ను రెంచ్‌కు అడ్డంగా, 90 డిగ్రీలకు తిప్పిపెడితే మాత్రం ఈ దిద్దుబాటు అక్కర్లేదు. ఈ ఒక్క ముక్క నాకు ఎవరూ చెప్పలేదు. తొమ్మిదేళ్లు పట్టింది తెలియడానికి.

ఇక ఇక్కడి దుమ్ము. షమాల్ గాలి వీచిన మర్నాడు ఏ బోల్టు మరలో చూసినా పిండిలాంటి ఇసుకే. మనం తిప్పే బలంలో చాలా భాగం రాపిడికే పోతుంది. ఇసుక ఉంటే ఇంకా ఎక్కువ పోతుంది. రెంచ్ టక్కుమంటుంది, బోల్టు మాత్రం వదులుగానే ఉంటుంది. పొడి మరకు చెప్పిన అంకెను నూనె పూసిన మరకు వాడితే దీనికి తలకిందులు, బోల్టు సాగుతుంది. తుడవకుండా పెట్టిన టార్క్‌ను నేను టార్క్ అనను.

స్కానర్‌కు వేల రియాళ్లు పోసే షెడ్డు యజమానులు ఒక చిన్న టార్క్ రెంచ్, ఒక క్రోఫుట్ సెట్టు కొనాలి. ఏడాదికోసారి, లేదా 5,000 బిగింపులకోసారి రెంచ్‌ను సరిచూపించాలి. దాంతో తుప్పు నట్లు విప్పనివ్వకూడదు, పని కాగానే స్ప్రింగు వదులు చేసి పెట్టాలి. మన ఊళ్ల ఐటీఐలకూ ఒక మాట. నేను చదివినచోట టార్క్ రెంచ్ అద్దాల బీరువాలో ఉండేది, రెండేళ్లలో ఒక్కసారీ చేతికివ్వలేదు. మెకానిక్ పరీక్షలో బల్ల మీది ఇంజిన్ కాదు, బండిలో కూర్చున్న ఇంజిన్ పెట్టండి. వెనకవైపు నట్టు బిగించమనండి. గల్ఫ్‌కు పిల్లల్ని పంపే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా విమానం ఎక్కించే ముందు ఈ ఒక్క పని చేయించి చూడాలి. ఇక్కడ తప్పు జరిగితే జీతంలో కోత పడేది ఆ పిల్లలకే.

కోరుట్ల నుంచి కొత్తగా వచ్చిన పిల్లగాడు మొన్న బానెట్ కిందినుంచి అడిగాడు: “కాకా, అడ్డం పెడితే లెక్క అక్కర్లేదంటివి గదా, ఇక్కడ అడ్డం పట్టుతలేదు.”

“మరేం జేస్తవ్?” అన్నాను.

లేచి, చేతులు తుడుచుకుని, సుద్దముక్కతో షెడ్డు గోడ మీద భాగహారం మొదలుపెట్టాడు.