వంటింట్లో వెలుగుకు చోటు

వంటింటిని కొత్తగా తీర్చిదిద్దుకోవాలని అనుకోగానే చాలామంది ముందుగా కొనవలసిన వస్తువుల పట్టిక రాసుకుంటారు. నిజానికి ఆ పని అటక మీద మొదలుకావాలి. జహేజ్‌లో వచ్చి ఏళ్ల తరబడి వాడుకలోకి రాని స్టీలు సామాను, ఏడాదికి ఒక్కసారైనా పొయ్యి ఎక్కని దేగ్‌లు! వీటిని దాచడానికే అలమారాలు పెరుగుతాయి, కిటికీలు మూసుకుపోతాయి, పట్టపగలే దీపం వేసుకోవలసి వస్తుంది.

దివ్య ఖుర్ఆన్‌లోని 107వ సూరా పేరు 'అల్ మాఊన్'. ఇరుగుపొరుగువారు అడిగి తీసుకువెళ్లే కుండ, చేద, గొడ్డలి వంటి మామూలు వస్తువులే మాఊన్ అని హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) వివరించారు. ప్రదర్శనాబుద్ధిని, అంతటి చిన్న సహాయానికి కూడా చేతులు రాని పిసినారితనాన్ని అల్లాహ్ ఆ సూరాలో ఒకేచోట మందలించాడు. కనుక అటక మీది వాడని పాత్రలు కేవలం స్థలానికి సంబంధించిన సమస్య కాదు. కొత్తగా కాపురం పెట్టిన ఒక పేద జంటకు అవే ఒక వంటిల్లు.

సామాను తగ్గిన గదికి అలంకారం వెలుగే. కిటికీకి అడ్డంగా ఉన్న అలమారాను తొలగించండి. కిటికీ పక్క గోడకు సున్నపు పూత, నేలకు తాండూరు బండ చాలు. ఏటవాలుగా పడే ఎండలో వాటి గరుకుదనమే చిత్రపటంలా కనిపిస్తుంది. అయితే తాండూరు, కడప బండలు సున్నపురాయి జాతివి. నిమ్మరసం, చింతపులుసు తగిలితే మచ్చపడతాయి. కాబట్టి వంటగట్టుకు గ్రానైటు మేలు. పొయ్యి వెనుక గోడ జిడ్డు తుడవడానికి వీలుగా నునుపుగా ఉండాలి.

రాత్రివేళ గది మధ్యలోని దీపం వంట చేసే ఆమెకు వెనుకవైపు ఉంటుంది. ఆమె నీడ సరిగ్గా కూరగాయలు తరిగే చోటే పడుతుంది. గట్టు పైనున్న అర అడుగుభాగాన, ముందు అంచుకు ఒక చిన్న ఎల్‌ఈడీ పట్టీ అమర్చితే ఆ నీడ తొలగిపోతుంది. ఇంటిల్లిపాదీ నిద్రిస్తుండగా సహరీ కోసం లేచిన తల్లికి ఆ కాస్త వెలుగు చాలు.

ఒక్క మాట మరువకండి. దృఢంగా ఉన్న గట్టును పగలగొట్టించి 'మినిమలిజం' పేరిట కొత్తది కట్టించుకోవడం నిరాడంబరత కాదు, అదీ దుబారాయే. ముందు అటక దించండి. పిడి ఊడినవాటిని బాగుచేయించి, శుభ్రంగా తోమి, అవసరమున్న ఇంటికి గౌరవంగా చేర్చండి. ఆ తర్వాత కూడా కొనవలసినది ఏదైనా మిగిలి ఉంటే అప్పుడు ఆలోచించవచ్చు.

అల్లాహ్ మన ఇళ్లలో వెలుగును, బర్కత్‌ను ప్రసాదించుగాక! ఆమీన్.