ఒక్క రాత్రి గడువు

ఆశ మానవునికి సహజం. ఏడాదికి ఒక వారం పాటు ఊరు విడిచి, ఉద్యోగం మరచి, భార్యాబిడ్డలతో ఏ కొండమీదనో, ఏ సముద్రతీరంలోనో గడపాలనుకోవడం తప్పు కాదు. తప్పు కాకపోగా అది అవసరం కూడ. మన తాతల కాలంలో ఆ అవసరాన్ని తిరునాళ్లు, ఉరుసులు, పెండ్లిళ్లు తీర్చేవి. నేడు దానిని తీర్చడానికి సంస్థలు వెలిశాయి. అవి విహారాన్ని అమ్మడాన్ని మేము ఆక్షేపించడం లేదు. అమ్మే తీరును గురించియే ఈ నాలుగు మాటలు.

గత సంవత్సరం మా పూర్వ విద్యార్థి ఒకడు ఒక లావుపాటి కాగితాల కట్ట చేతబట్టుకొని మా ఇంటికి వచ్చాడు. అతడూ, అతని భార్యా శ్రీసిటీలోని కర్మాగారాలలో పనిచేస్తున్నారు. ఇద్దరి జీతాలూ కలిపినా నెలకు 40,000 రూపాయలు దాటవు. ఒక ఆదివారం మద్రాసులో దుకాణాలు చూడబోయి, అక్కడెవరో ఇచ్చిన బహుమతి చీటీ నింపి, మరుసటి వారం ఒక హోటలుకు పిలిపించుకొని, నాలుగు గంటలు కూర్చొని, 3 లక్షల రూపాయల విహార సభ్యత్వానికి సంతకం చేసి వచ్చారు. అప్పటికప్పుడు కట్టినది 30,000. మిగిలినది నెలకు 7,500 చొప్పున 36 వాయిదాలు. ఆ 30,000 చెల్లెలి బి.ఎడ్. చదువుకు దాచినవి. ఇంగ్లీషులో ఉన్న ఆ కాగితాలను చదివి చెప్పమని తెలుగు ఉపన్యాసకుని వద్దకు రావడంలోనే అతని దిక్కుతోచని స్థితి మాకు అర్థమైంది.

ఈ వ్యాపారానికి టైమ్‌షేర్ అని పేరు. కాలాన్ని పంచుకొని కొనడమన్నమాట. ఒక విడిదిలోని గదిని పలువురు కొని, ఏడాదిలో ఒక్కొక్కరు ఒక్కొక్క వారం వాడుకుంటారు. 1960 దశకంలో ఐరోపాలో, ఫ్రాన్సు, స్విట్జర్లాండు దేశాలలో ఇది మొలకెత్తింది. మన దేశంలో 1986లో మద్రాసు కేంద్రంగా స్టెర్లింగ్ సంస్థ, 1996లో మహీంద్రా వారి సంస్థ ఈ రంగంలో అడుగుపెట్టాయి. వాడుకోవడం తెలిసిన సభ్యులు సంతోషంగా వాడుకుంటూనే ఉన్నారు. కావున ఇది దొంగవ్యాపారమని మేమనడం లేదు. దేశం, సంస్థ ఏదైనా, కొత్తవారిని ఆకర్షించే పద్ధతిలో మాత్రం ఒక పోలిక కనబడుతుంది.

ఆ పోలికను చూడాలంటే అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రానికి పోవాలి. అక్కడ డిస్నీ సంస్థకు సుప్రసిద్ధమైన వినోదోద్యానాలున్నాయి. 1991లో ఆ సంస్థ వెకేషన్ క్లబ్ అనే పేరుతో టైమ్‌షేర్ ప్రారంభించింది. సభ్యుడు ఏటా కొన్ని పాయింట్లు పొంది, వాటిని ఖర్చుపెట్టి విడిదులలో బస చేస్తాడు. అది శాశ్వతమైన హక్కు కాదు. మొదటి విడిదికి సంబంధించిన పలు ఒప్పందాలు 2042లో ముగుస్తాయి. ఏటా నిర్వహణ రుసుము వేరుగా కట్టాలి. ఇంతవరకు లెక్క. ఇక అమ్మకం చూడండి. ఆ సభ్యత్వాన్ని గురించి చెప్పే బల్లలు ఉద్యానం లోపలనే ఉంటాయి. పిల్లవాడు బొమ్మల కోటను చూసి కేరింతలు కొడుతున్న ఘడియలో, తండ్రి మనస్సు మెత్తబడి ఉన్న ఘడియలో, ‘ఈ ఆనందం ఏటేటా మీదే’ అనే భావం చెవిన పడుతుంది. సభ్యులు విడిదికి వచ్చినప్పుడు ‘మీ ఇంటికి స్వాగతం’ అనే తీరున పలకరిస్తారు. అతిథిని ఇంటివాణ్ణి చేయడం ఎంత మధురం! ఆ ఇంటివాడే తన వాటాను బయట మరొకరికి అమ్మదలిస్తే మాత్రం పరిస్థితి వేరు. 2019 జనవరి తరువాత అట్లా చేతులు మారిన పాయింట్లు ఆ పిమ్మట తెరచిన కొత్త విడిదులలో చెల్లవు. ‘కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి’ అని మన పెద్దలు ఊరకే అన్నారా!

డిస్నీ వారి పద్ధతి కొంత మర్యాదగలది. ఆ పరిసరాలలోనే ఉన్న ఇతర టైమ్‌షేర్ వ్యాపారులు మరొక ఎత్తు వేస్తారు. గంటన్నర కూర్చొని మా మాటలు వింటే ఉద్యానం టికెట్లు చవకగా ఇస్తామంటారు. అమెరికాలో ఉద్యోగాలు చేస్తూ, ఊరినుండి వచ్చిన తల్లిదండ్రులకు ఆ ఉద్యానాలు చూపబోయే మన తెలుగు పిల్లలకు ఈ టికెట్ల ఎర తెలియనిది కాదు. ఫ్లోరిడాలో టికెట్టు, మద్రాసులో బహుమతి చీటీ. ఎర మారినా గాలం ఒక్కటే.

ఆ గాలాన్ని మేమూ ఒకసారి దగ్గరగా చూశాం. మా విద్యార్థి వచ్చి వెళ్లిన కొన్ని నెలలకు మాకూ ఒక ఫోను వచ్చింది. పెట్రోలు బంకులో ఎన్నడో నింపిన చీటీకి బహుమతి తగిలిందట. భార్యాభర్తలు ఇద్దరూ కలిసి రావాలన్నది మొదటి నియమం. ఈ నియమంలోని మర్మం తరువాత గాని తెలియలేదు. ఒక్కడే వస్తే ‘ఇంట్లో అడిగి చెబుతాను’ అంటాడు. ఇద్దరూ వస్తే ఆ మాటకు తావుండదు.

విశాలమైన హాలు. గుండ్రని బల్లలు. చెవులు చిల్లులు పడే సంగీతం. పిల్లలకు ఒక మూల ఆటబొమ్మలు. మాకు పండ్లరసం. చక్కని తెలుగు మాట్లాడే ఒక యువకుడు మా ఎదుట కూర్చొని, ‘సార్, మేడమ్‌ను చివరిసారి ఎక్కడికి తీసుకెళ్లారు?’ అని అడిగాడు. మేము తడబడ్డాం. ఆ తడబాటే అతనికి కావలసినది. అమ్మకం అక్కడ ప్రారంభమైంది, వస్తువును చూపి కాదు, మా లోపాన్ని మాకు చూపి. తరువాత రంగురంగుల బొమ్మల పుస్తకం. తరువాత లెక్క. హోటలు గది రోజుకు 6,000 అనుకుంటే ఏడు రాత్రులకు 42,000. ఏటా పదిశాతం పెరుగుతూ పోతే 25 సంవత్సరాలకు 40 లక్షలు దాటుతుంది. కాగితం మీద ఆ అంకె చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి, పక్కన 4 లక్షలని తమ ధర వ్రాశాడు. మేము నిట్టూర్చగానే పెద్ద అధికారి వచ్చి దానిని కొట్టివేసి 3 లక్షలు చేశాడు. ఇంతలో వేరొక బల్ల వద్ద ఎవరో సంతకం చేసినారు కాబోలు, గంట మ్రోగింది, అందరూ చప్పట్లు కొట్టారు. అరచేతిలో వైకుంఠం చూపడమంటే ఏమిటో ఆనాడు మేము కన్నులారా చూశాం.

నిజం చెప్పాలంటే మా చేయి కలం వైపు సాగింది. అంత తెలిసి వెళ్లినవారమే సాగించాం. అప్పుడు మా శ్రీమతి నెమ్మదిగా, ‘ఈ కాగితాలు ఇంటికి తీసుకెళ్లి చదువుకొని రేపు పొద్దున ఫోను చేస్తాం. ఇదే ధరకు ఇస్తారు గదా?’ అన్నది.

‘లేదు మేడమ్. ఈ ధర ఈ హాలు దాటితే ఉండదు’ అన్నాడు యువకుడు. అతని ముఖంలోని నవ్వు ఆరిపోయింది.

‘అయితే మాకు వద్దు నాయనా’ అని ఆమె లేచింది.

ఇరవై ఐదేళ్ల కాలాన్ని అమ్మజూపేవాడు ఒక్క రాత్రి గడువు ఇవ్వలేకపోయాడు. ఎందువలన? ఆ రాత్రి మనం చేసే పని అతనికి తెలుసు గనుక. ఆ రాత్రి మనం లెక్క వేస్తాం. 3 లక్షలు బ్యాంకులో ఏడుశాతం వడ్డీకి వేస్తే ఏటా 21,000 వస్తుంది. సభ్యత్వం తీసుకుంటే ఏటా కట్టవలసిన నిర్వహణ రుసుము 14,000 అనుకుందాం. రెండూ కలిపితే 35,000. ఏడు రాత్రులకు పంచితే రాత్రికి 5,000. ఆ సొమ్ముకు కొడైకెనాల్‌లోనో, ఊటీలోనో మనకు నచ్చినప్పుడు మంచి గదియే దొరుకుతుంది. నచ్చకపోతే ఆ ఏడు పోకుండా ఉండవచ్చు. పైగా 25 సంవత్సరాల తరువాత 3 లక్షల అసలు మన వద్దనే ఉంటుంది. సభ్యత్వమైతే ఆనాటికి ముగిసిపోతుంది. ఇందులో ఇంకొక తమాషా కూడ ఉన్నది. గది అద్దెను ఏటా పదిశాతం పెంచిన ఆ కలం, నిర్వహణ రుసుము దగ్గరకు రాగానే పెంచడం మరచిపోయింది. దసరాకు, వేసవి సెలవులకు గదులు కావాలంటే నెలల ముందు అడగాలనీ, తక్కువ ధర సభ్యత్వానికి ఆ రోజులే రావనీ, ప్రయాణం, భోజనం ఖర్చులు మనవేననీ ఆ హాలులో ఎవ్వరూ అబద్ధం చెప్పలేదు. అసలు చెప్పనే లేదు.

సంతకం చేసినవారు చదువుకున్నవారే గదా, వారిని ఎవరు బలవంతపెట్టారని కొందరు అడుగవచ్చు. సమంజసమైన ప్రశ్నయే. మన ప్రాంతపు పశువుల సంతలో ఎద్దును కొనే రైతును చూడండి. పళ్లు పట్టి చూస్తాడు, నాలుగు అడుగులు నడిపిస్తాడు, నచ్చకపోతే వచ్చే సంతకు చూద్దామంటాడు. దళారి గొణుగుతాడే గాని దారికి అడ్డం నిలువడు. ఆ రైతు సమ్మతి సమ్మతి. నాలుగు గంటలు అలసిపోయేట్లు చేసి, బిడ్డ ఏడుస్తుండగా, చప్పట్ల నడుమ రాబట్టిన సంతకంలో ఇష్టమెంత, ఇంటికి పోతే చాలుననే ఆత్రమెంత?

ఈ విషయాన్ని మన మతాచార్యులు ఏనాడో గుర్తించారు. బేరసారాలలో తరచు మోసపోయే ఒక అమాయకునికి, కొన్న తరువాత మూడు రోజుల వరకు సరుకును తిరిగి ఇచ్చివేసే హక్కును ప్రవక్త కల్పించినట్లు హదీసులు తెలుపుతున్నాయి. దానినుండియే ఫిఖహ్‌లో ‘ఖియార్’ అనే సూత్రం విస్తరించింది. బేరం కుదిరిన తరువాత కూడ మనస్సు మార్చుకొనే వెసులుబాటు అది. పదునాలుగు వందల ఏండ్లనాటి ఆ మదీనా బజారు నీతికి నేటి ప్రపంచం ఇప్పుడిప్పుడే చేరుతున్నది. ఐరోపా దేశాలు 1994లో టైమ్‌షేర్ కొన్నవారికి పది రోజుల గడువు ఇచ్చి, 2008 నాటి నిర్దేశంతో దానిని పదునాలుగు రోజులు చేశాయి. ఆ గడువులోగా ముందస్తు సొమ్ము తీసుకోరాదని కూడ శాసించాయి. ఫ్లోరిడాలో పది రోజులు. మన దేశంలోనో? జీవిత బీమా పాలసీ తీసుకున్నవానికి నచ్చకపోతే వాపసు చేయడానికి 2024 నిబంధనల ప్రకారం 30 రోజులున్నవి. టైమ్‌షేర్ కొనుగోలుదారునికి మాత్రం అట్టి ప్రత్యేక చట్టం లేదు. కొన్ని సంస్థలు తమంతట తామే కొద్ది రోజుల గడువు ఇస్తున్నవి. ఇచ్చేవారి మంచితనం మీద ఆధారపడిన దానిని దయ అంటారు, హక్కు అనరు.

కట్టడాన్ని చూసి నమ్మడం మన తెలుగువారికి కొత్త కాదు. గుంటూరు, విజయవాడల మధ్య హాయ్‌లాండ్ అనే వినోదోద్యానాన్ని నిర్మించిన అగ్రిగోల్డ్ సమూహం పలు రాష్ట్రాలలో దాదాపు 32 లక్షల మంది నుండి 6,000 కోట్లకు పైగా వసూలు చేసి, తిరిగి చెల్లించలేక కుప్పకూలింది. అది డిపాజిట్ల వ్యవహారం, నేర విచారణకు వచ్చినది. టైమ్‌షేర్‌తో దానిని ఒకే గాటకు కట్టడం న్యాయం కాదు. కాని కంటికి కనిపించే కోట, కంటికి కనిపించని కాగితానికి పూచీ కాదన్న పాఠం రెండింటికీ వర్తిస్తుంది.

మా విద్యార్థి సంగతి చెప్పక ముగించరాదు. అతని కాగితాలలో పదునెనిమిదవ పుటలో చిన్న అక్షరాలతో పది రోజుల రద్దు గడువు ఉన్నది. అతడు మా వద్దకు వచ్చినది పదునారవ రోజున. ఆ పుటను ఆ హాలులో ఎవరూ అతనికి చూపలేదు. నేటికీ అతడు నెలకు 7,500 కడుతున్నాడు. చెల్లెలు చదువు ఒక సంవత్సరం వెనుకబడింది. ఇంతవరకు వారు చూసిన కొండ లేదు, సముద్రం లేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తన నివాసప్రాంతపు జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చుననీ, 5 లక్షల వరకు రుసుము లేదనీ, 1915 నంబరుకు ఫోను చేసి సలహా పొందవచ్చుననీ అతనికి చెప్పాం. పిటిషను తయారవుతున్నది. తెలుగులోనే వ్రాస్తున్నాం.

ప్రభుత్వం టైమ్‌షేర్ కొనుగోలుదారునికి గడువును చట్టబద్ధం చేయాలి. ఆ గడువు ఒప్పందం మొదటి పుటలో, కొనేవాని భాషలో, పెద్ద అక్షరాలతో ఉండాలి. అంతవరకు ఏం చేయాలి? ఈ కళాశాల విడిచి శ్రీసిటీకి, మద్రాసుకు, అంతకంటే దూరదేశాలకు పోయి మొదటి జీతం అందుకోబోయే విద్యార్థినీ విద్యార్థులకు మా విన్నపం ఒక్కటే. ఎవరు ఏది అమ్మజూపినా ‘రేపు చెబుతాం’ అనే రెండు మాటలు నేర్చుకోండి. వ్యాపారి ‘ఆలస్యం అమృతం విషం’ అంటాడు. ‘నిదానమే ప్రధానం’ అన్నదీ మన పెద్దలే. మంచి బేరమైతే రేపటికీ మంచిదిగానే ఉంటుంది. తెల్లవారేసరికి చెడిపోయే బేరాన్ని రాత్రే వదులుకోవడం లాభం.