ఓటు సరకు కాదు

న్యాయస్థానమున తీర్పు చెప్పువాడు వాదిప్రతివాదులలో ఒకరియొద్ద సొమ్ము పుచ్చుకొన్నచో ఆ తీర్పును ఎవ్వరును విశ్వసింపరు. ఎన్నికల దినమున తీర్పరి ఓటరే. పాలించినవారి మంచిచెడ్డలు విచారించి అతడు తీర్పు చెప్పును. ఆ తీర్పు భయమునకుగాని ధనమునకుగాని లొంగినచో, ఎన్నిక జరిగినదేకాని ప్రజాభిప్రాయము తేలినది కాదు.

విద్యార్థులారా! ఈ అధికారము మన ప్రాంతమువారికి ఊరక లభింపలేదు. నేడు జనగామ జిల్లాలో ఉన్న పల్లెలు నిజాము రాజ్యమున దేశముఖుల చేతిక్రింద నలిగినవి. దొర గడి ముందు రైతు నోరెత్తుటకు వెఱచెడివాడు. వెట్టిచాకిరి తప్పెడిది కాదు. 1946 జూలై 4వ తేదీన కడవెండిలో విసునూరు దేశముఖు మనుషుల తుపాకికి దొడ్డి కొమరయ్య బలియయ్యెను. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను దొరపాలు కానీయక పోరాడెను. అటువంటి పల్లెలలో 1951-52 నాటి మొదటి సాధారణ ఎన్నికలయందు దొరకును ఒకే ఓటు, వెట్టివానికిని ఒకే ఓటు. చదువురానివారి కొఱకు ఒక్కొక్క అభ్యర్థికి గుర్తు గల ఒక్కొక్క పెట్టె నుంచిరి.

దొరల భయము తొలగినను, అన్నిచోట్ల భయము తొలగలేదు. గోదావరి తీరమున అడవులు గల భూపాలపల్లి ప్రాంతమున ఎన్నికలను బహిష్కరింపుడని మావోయిస్టులు పిలుపునిచ్చెడివారు. 2023 నవంబరు 30న జరిగిన శాసనసభ ఎన్నికలలో తక్కినచోట్ల సాయంకాలము 5 గంటల వఱకు పోలింగు జరుగగా, భూపాలపల్లితో సహా 13 నియోజకవర్గములలో భద్రతకై 4 గంటలకే ముగించిరి. తుపాకి భయమునకు పోలీసులు కావలి కాయగలరు. నవ్వుచు గడపలోనికి వచ్చు నోటునకు కావలి ఎవరు?

మహబూబాబాదు జిల్లాలో లంబాడీ తండాలు పెక్కులు కలవు. 2018 నాటి పంచాయతిరాజ్ చట్టముచేత రాష్ట్రమున అనేకములైన తండాలును గూడెములును స్వంత గ్రామపంచాయతులయ్యెను. తమ ఊరిని తామే ఏలుకొనుట గొప్ప భాగ్యము. కాని చిన్న పంచాయతిలో ఓట్లు కొన్ని వందలే ఉండును. పది ఓట్లు కొన్నను ఫలితము తారుమారు కావచ్చును. తెలంగాణమున కొన్ని ఊళ్లలో సర్పంచి పదవినే వేలము వేసిరని వార్తలు వచ్చినవి. ఆ సొమ్ముతో గుడి కట్టుదుమని కొందఱు సమర్థింతురు. గుడి కట్టుట మంచిదే. అయితే వేలము పాడలేని బీదవాడు పోటీచేయు హక్కును కోల్పోలేదా? అందఱి సమ్మతితో వచ్చినదే ఏకగ్రీవము. పాటలో కొన్నది ఏకగ్రీవము కాదు.

“ఆ సొమ్ము మనదే కదా! పుచ్చుకొని, నచ్చినవానికే ఓటు వేయుదము” అని కొందఱు అందురు. ఓటు రహస్యము కనుక అట్లు చేయవచ్చునని తోచును. కాని మన పల్లెవాడు ఉప్పు తిన్న ఇంటికి ద్రోహము చేయుటకు జంకును. మాట తప్పుటకు సిగ్గుపడును. డబ్బు పంచువారు అతని యీ సద్గుణమునే ఉరిగా పన్నుచున్నారు. ఇంతకంటె అన్యాయ మేమి? చట్టదృష్టిలో ఓటునకు లంచమిచ్చుటయు నేరమే, పుచ్చుకొనుటయు నేరమే. 2019లో పెద్ద మొత్తమున ధనము పట్టుబడినందున తమిళనాడులోని వేలూరు లోక్‌సభ ఎన్నికనే రద్దుచేసిరి.

శాసనసభకు పోటీచేయు అభ్యర్థి మన రాష్ట్రమున 40 లక్షల రూపాయలకు మించి వ్యయము చేయరాదని 2022లో నియమ మేర్పడినది. దానిని దాటి కోట్లు వెదజల్లినవాడు గెలిచిన పిదప ఆ సొమ్ము రాబట్టుకొనక ఊరకుండునా? మన బాటలో, మన బడి కప్పులో, మన చెఱువు కట్టలో ఆ లెక్క తేలును. ఒకనాడు పుచ్చుకొన్న నోటునకు ఐదేండ్లు వడ్డీ కట్టవలసి వచ్చును. అంతేకాదు, నిజాయితీ గల బీదవాడు పోటీకి దిగుటకే వెనుదీయును.

1989 నుండి 18 ఏండ్లు నిండినవారికి ఓటు లభించుచున్నది. మీకు ఇంక ఐదేండ్లు మాత్రమే మిగిలియున్నవి. అంతవఱకు చేతులు ముడుచుకొని కూర్చుండ నక్కఱలేదు. ఓటర్ల జాబితా వెలువడినప్పుడు అవ్వతాతల పేర్లు అందున్నవో లేవో చూచి చెప్పుడు. ఓటు ఎవరికి వేసినదియు ఎవ్వరికిని తెలియదని, లంచమునకు ఇచ్చిన మాట తప్పుట పాపము కాదని వారికి నచ్చజెప్పుడు. మీ తరగతి నాయకుని ఎన్నుకొనునాడు మిఠాయి పంచినవానిని కాక పని చేయగలవానిని ఎన్నుకొనుడు. నేడు మిఠాయికి లొంగని చేయి రేపు నోటునకును లొంగదు.